కొత్త ఎక్స్‌టెన్షన్లలో డబ్బు పెట్టొచ్చా? ముందు రెన్యూవల్ లెక్క వేయండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మొదటి ఏడాది ఆఫర్‌లో ఒక్కోటి 99 నుంచి 200 రూపాయలకు డాట్ ఆన్‌లైన్, డాట్ షాప్, డాట్ ఎక్స్‌వైజెడ్ లాంటి కొత్త ఎక్స్‌టెన్షన్లలో (వెబ్ అడ్రస్‌లో చివరి చుక్క తర్వాతి మాట) డొమైన్ పేర్లు, అంటే వెబ్‌సైట్ అడ్రసులు, 40 కొన్నారు. ఇంకో 60 తీసుకుని వందకు చేర్చి, రెండు మూడేళ్లు ఉంచి అమ్మితే గిట్టుబాటు అవుతుందా అంటున్నారు. 2026 తర్వాత ఇంకా కొత్త ఎక్స్‌టెన్షన్లు వస్తున్నాయి కాబట్టి వాటిలో మొదట్లోనే దూరితే ఎలా ఉంటుందనీ అడిగారు.

ఆ 60 కొనకండి. ఉన్న 40లో కూడా రెండో ఏడాది డబ్బు కట్టదగ్గవి నాలుగైదుకు మించవని నా అంచనా.

ఈ వ్యాపారంలో కొన్న ధరను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. చూడాల్సింది రెన్యూవల్ ధర. 99 రూపాయలకు వచ్చిన డాట్ ఆన్‌లైన్ రెండో ఏడాది ఎంత అడుగుతుందో మీ రిజిస్ట్రార్ (మీకు పేరు అమ్మిన కంపెనీ) ధరల పట్టికలో చూడండి. చాలా చోట్ల రెండు వేల ఐదు వందలకు అటూ ఇటూగా ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే పేరుకు సుమారు 2,950 రూపాయలు. వంద పేర్లకు ఏడాదికి 2,95,000. మొదటి ఏడాది పదిహేను వేలతో అయిపోయిన సరుకుకి రెండో ఏడాది మూడు లక్షల బిల్లు వస్తుంది. డాట్ ఎక్స్‌వైజెడ్ ఇంతకంటే తక్కువే, కానీ దానికి కూడా ఆఫర్ ధరకూ రెన్యూవల్ ధరకూ పొంతన ఉండదు.

ఇప్పుడు అమ్మకం వైపు చూడండి. జాగ్రత్తగా ఏరుకున్న డాట్ కామ్ పేర్లు వంద ఉంటే ఏడాదికి ఒకటి, రెండు అమ్ముడవుతాయన్నది ఈ రంగంలో చాలామంది వాడే మోటు లెక్క. కొత్త ఎక్స్‌టెన్షన్లలో అది ఇంకా తగ్గుతుంది. ఉదారంగా ఒక శాతమే అనుకుందాం. పేర్లు అమ్మిపెట్టే మార్కెట్‌ప్లేస్ సైట్ కమీషన్ 20 శాతం వేసుకోండి. నష్టం లేకుండా ఉండాలంటే అమ్మాల్సిన ధర ఎంతో ఇలా తేలుతుంది: ఏడాది రెన్యూవల్‌ను అమ్మకాల శాతంతో భాగించి, వచ్చినదాన్ని కమీషన్ పోగా మిగిలే వంతుతో మళ్లీ భాగించాలి. 2,950ని 0.01తో భాగిస్తే 2,95,000. దాన్ని 0.8తో భాగిస్తే 3,68,750. అంటే అమ్ముడయ్యే ఆ ఒక్క పేరూ ప్రతి ఏటా మూడు లక్షల డెబ్బై వేలకు పోవాలి, అప్పటికి లాభం సున్నా. అమ్మకాలు అర శాతమే అయితే అదే ఏడు లక్షలు దాటుతుంది. డాట్ కామ్‌కు రెన్యూవల్ 1,100, జీఎస్టీతో దాదాపు 1,300, అమ్మకాలు ఒకటిన్నర శాతం అని వేస్తే లక్షా ఎనిమిది వేల దగ్గర ఆగుతుంది. మంచి రెండు మాటల డాట్ కామ్‌కు ఆ ధర అసాధ్యమేమీ కాదు. ఎవరో పెట్టిన డాట్ ఆన్‌లైన్ పేరుకు మూడున్నర లక్షలు ఇచ్చే చిన్న వ్యాపారి దొరకడం కష్టం. అతను రెండు వేలతో పేరు కాస్త మార్చి మరొకటి కొనుక్కుంటాడు.

ఈ తేడా అనుకోకుండా వచ్చింది కాదు. డాట్ కామ్ నడిపే వెరిసైన్ చేతులు ఒప్పందంతో కట్టి ఉన్నాయి. ఆరేళ్ల కాలంలో నాలుగేళ్లు మాత్రమే, అదీ ఏడాదికి 7 శాతం లోపే, రిజిస్ట్రార్ల దగ్గర తీసుకునే హోల్‌సేల్ ధర పెంచగలదు. 2024 సెప్టెంబర్‌లో ఆ ధర 10.26 డాలర్లకు చేరింది. ఎక్స్‌టెన్షన్లు నడపడానికి సంస్థలు 2012లో పెట్టుకున్న దరఖాస్తుల తర్వాత వచ్చిన కొత్త ఎక్స్‌టెన్షన్లకు ఇలాంటి పరిమితి ఏదీ లేదు. రిజిస్ట్రీ, అంటే ఆ ఎక్స్‌టెన్షన్‌ను నడిపే సంస్థ, రెన్యూవల్ ధర ఎంతైనా పెంచుకోవచ్చు. దాని మీద ఉన్న ముఖ్యమైన షరతు ఒకటే, 180 రోజుల ముందు రిజిస్ట్రార్లకు చెప్పాలి. ఆ లోపు పాత ధరకే మొత్తం పదేళ్ల దాకా పొడిగించుకునే వీలు ఉంటుంది. ఆ నోటీసు రిజిస్ట్రార్‌కు వెళ్తుంది. అక్కడి నుంచి మీకు వచ్చే మెయిల్ ప్రమోషన్ల ట్యాబ్‌లో పడి ఉంటుంది, మీరు చూడరు. 2017లో యూనిరిజిస్ట్రీ అనే రిజిస్ట్రీ తన ఎక్స్‌టెన్షన్లలో కొన్నింటి ధరలు విపరీతంగా పెంచుతున్నట్టు ప్రకటించింది. కొన్నింటికి పెంపు ముప్ఫై రెట్ల దాకా పోయింది. పెద్ద రిజిస్ట్రార్ గోడాడీ ఆ ఎక్స్‌టెన్షన్లు అమ్మడమే ఆపేసింది. అలాంటి రోజున మీ దగ్గర ఆ రకం పేర్లు యాభై ఉంటే కొనేవాడు ఉండడు, పట్టుకుని కూర్చోవడానికి డబ్బూ చాలదు.

దీనికంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. కొత్త ఎక్స్‌టెన్షన్‌లో మీకు అసలు పోటీదారు రిజిస్ట్రీయే. ఊరి బయట వెంచర్ వేసినవాడు రోడ్డు బిట్లూ తూర్పు ముఖం బిట్లూ తన దగ్గరే పెట్టుకుని మిగతావి జనానికి వదిలినట్టు, రిజిస్ట్రీ కూడా ఒక్క మాట పేర్లన్నీ, బీమా, రుణాలు, నగలు, హోటళ్లు లాంటి డబ్బున్న రంగాల పేర్లన్నీ ముందే పక్కన పెట్టి ప్రీమియం అని ధర కడుతుంది. మామూలు ధరకు మీకు దొరికిందంటే రిజిస్ట్రీ ధరల నిపుణులు చూసి పనికిరాదని వదిలేసిందన్నమాట. అందులోంచి బంగారం ఏరగలనని మీకు నమ్మకం ఉంటే, ఆ నమ్మకానికి కారణం ఏమిటో కాగితం మీద రాసి చూసుకోండి.

ప్రీమియంలో కూడా రెండు రకాలున్నాయి, ఇక్కడ చాలామంది దెబ్బతింటారు. ఒక రకానికి మొదటి ఏడాది మాత్రమే ఎక్కువ ధర, తర్వాత మామూలు రెన్యూవల్. రెండో రకానికి ప్రతి ఏటా ప్రీమియం రెన్యూవలే. ఇరవై ఐదు వేలకు కొన్న పేరు ఏడాదికి ఇరవై ఐదు వేలు అడుగుతూ పోతుంది. కార్ట్‌లో పెద్ద అక్షరాల్లో కనిపించే ధర కింద చిన్న అక్షరాల్లో రెన్యూవల్ ధర ఉంటుంది, లేకపోతే సపోర్ట్ వాళ్లను రాతపూర్వకంగా అడిగి స్క్రీన్‌షాట్ దాచుకోండి. ఇంకొకరి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడైతే ఇది మరీ ముఖ్యం. ప్రీమియం ముద్ర పేరుతోపాటే వస్తుంది, రిజిస్ట్రార్ మార్చినా పోదు.

ఇంటర్నెట్‌లో తిరిగే పెద్ద అమ్మకాల సంగతి. 2018లో వెకేషన్ డాట్ రెంటల్స్ 5,00,300 డాలర్లకు, అదే ఏడాది హోమ్ డాట్ లోన్స్ 5 లక్షల డాలర్లకు పోయాయి. నిజమే. ఆ రెండింటినీ జాగ్రత్తగా చదవండి. చుక్కకు అటు మాట, ఇటు మాట కలిపితే జనం రోజూ వాడే మాట వస్తోంది. రెండూ డబ్బు ధారాళంగా పారే రంగాలు. చుక్క తీసేసినా అర్థం చెడదు. కొత్త ఎక్స్‌టెన్షన్లలో నిజంగా విలువున్నది ఈ ఒక్క రకమే అంటాను. "బెస్ట్ హైదరాబాద్ బిర్యానీ డాట్ ఆన్‌లైన్" అన్నప్పుడు చుక్క తర్వాతి మాట ముందున్న పేరుకు ఏమీ కలపడం లేదు. కొనేవాడికి అది డాట్ కామ్ దొరక్క తెచ్చుకున్న రెండో రకం సరుకుగానే కనిపిస్తుంది.

గూగుల్ మాతృసంస్థ ఆల్ఫబెట్ 2015లో ఏబీసీ డాట్ ఎక్స్‌వైజెడ్ వాడిన తర్వాత ఆ ఎక్స్‌టెన్షన్‌కు పేరొచ్చింది. స్టార్టప్‌లు కొన్ని, క్రిప్టో వాళ్లు కొందరు వాడుతున్నారు. అమ్మకాలు ఉన్నాయి కూడా, ఎక్కువగా పొట్టి ఒక్క మాట పేర్లకి, అంకెల పేర్లకి. అవి మీకు 99 రూపాయలకు మిగలవు.

ఇంకో అపోహ. ఎక్స్‌టెన్షన్‌లో కీవర్డ్ ఉంటే గూగుల్‌లో పైకి వస్తుందని కొందరు అమ్మేవాళ్లు చెబుతారు. కొత్త ఎక్స్‌టెన్షన్లను మిగతావాటిలాగే చూస్తామని, అందులోని కీవర్డ్‌కు లాభమూ నష్టమూ ఉండవని గూగుల్ 2015లోనే స్పష్టం చేసింది. నష్టం వచ్చేది మెయిల్ దగ్గర. చవక ఎక్స్‌టెన్షన్లను స్పామ్ వాళ్లు వేలల్లో కొంటారు, వాడి పారేస్తారు. అందుకని కొన్ని కంపెనీల మెయిల్ సర్వర్లు ఆ ఎక్స్‌టెన్షన్ మొత్తాన్నే అనుమానంగా చూస్తాయి. కొటేషన్ పంపిన మెయిల్ అవతలివాడి స్పామ్‌లో పడితే వ్యాపారికి పేరు మీద మోజు పోతుంది. పాత వెబ్ ఫారాల్లో చుక్క తర్వాత రెండు నుంచి నాలుగు అక్షరాలే ఒప్పుకునేవి ఇంకా తగులుతూనే ఉంటాయి. ఇక ఫోన్‌లో చెప్పి చూడండి: "మా సైట్ శ్రీలక్ష్మి డాట్ స్టోర్" అంటే అవతలివాళ్లు "శ్రీలక్ష్మి స్టోర్ డాట్ కామ్" అని కొడతారు. డబ్బున్న కొనుగోలుదారుకు ఇవన్నీ తెలుసు, బేరంలో వాడుకుంటాడు.

కొత్త ఎక్స్‌టెన్షన్లకు దరఖాస్తులు తీసుకునే 2026 రౌండ్ విషయానికి వద్దాం. దరఖాస్తుల గడువు ఏప్రిల్ 30 నుంచి ఆగస్టు 12 వరకు అని డొమైన్ పేర్ల వ్యవస్థను చూసుకునే అంతర్జాతీయ సంస్థ ఐకాన్ ప్రకటించింది. ఫీజు ఒక్కో దరఖాస్తుకు 2,27,000 డాలర్లు. ఇది ఎక్స్‌టెన్షన్ నడపాలనుకునే సంస్థల కోసం, మనలాంటి పేర్లు కొనేవాళ్ల కోసం కాదు. క్రితంసారి 2012లో 1,930 దరఖాస్తులొస్తే, మొదటి ఎక్స్‌టెన్షన్లు ఇంటర్నెట్‌లోకి ఎక్కింది 2013 అక్టోబర్‌లో. డాట్ గురు లాంటివి మామూలు జనానికి అమ్మకానికి వచ్చింది 2014 మొదట్లో. కాబట్టి ఇప్పుడే "ముందస్తు బుకింగ్" అని డబ్బు అడిగేవాడు మీకు పేరు ఇవ్వలేడు. అది వెయిటింగ్ లిస్టు, అంతే. డబ్బు తీసుకోకుండా ఆసక్తి నమోదు చేసుకుంటే పర్వాలేదు, కార్డు నంబర్ అడిగితే బయటికి వచ్చేయండి.

అమ్మకం మొదలయ్యాక కూడా వరస ఇలా ఉంటుంది. ముందు కనీసం 30 రోజులు సన్‌రైజ్, ట్రేడ్‌మార్క్ క్లియరింగ్‌హౌస్‌లో నమోదైన బ్రాండ్లకు మాత్రమే. చాలా రిజిస్ట్రీలు తర్వాత వారం రోజులు ఎర్లీ యాక్సెస్ పెడతాయి, అప్పుడు ధర మొదటిరోజు లక్షల్లో మొదలై రోజురోజుకూ తగ్గుతూ వస్తుంది. ఆ తర్వాతే మామూలు ధర. మీ వంతు వచ్చేసరికి బ్రాండ్లు, రిజిస్ట్రీ, తొందరపడ్డవాళ్లు మూడు జల్లెడలు పట్టేసి ఉంటారు. మొదటి వారంలో కొన్నవాళ్లకు లాభం వచ్చిన సందర్భాలు 2014 తర్వాత లేకపోలేదు, కానీ రెండో మూడో ఏడాది రెన్యూవల్ కట్టలేక వదిలేసిన పేర్లు వాటికి ఎన్నో రెట్లు.

డాట్ ఏఐ, డాట్ ఐఓ గురించి కూడా అడుగుతారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. ఇవి కొత్త ఎక్స్‌టెన్షన్లు కావు, దేశాలకు ఇచ్చిన కోడ్లు. డాట్ ఏఐ ఆంగ్విలా అనే చిన్న కరీబియన్ దీవులది. అక్కడ గిరాకీ నిజంగా ఉంది, ఎందుకంటే కృత్రిమ మేధ కంపెనీలు పెట్టుబడి తెచ్చుకుని పేర్ల మీద ఖర్చు పెడుతున్నాయి. అయితే కనీసం రెండేళ్లకు కట్టాలి, రెండేళ్లకు కలిపి 140 డాలర్లకు పైనే. పైన చెప్పిన సూత్రంలో పెట్టి చూస్తే ఎన్ని పేర్లు మోయగలరో మీకే తెలుస్తుంది. డాట్ ఐఓ బ్రిటిష్ హిందూ మహాసముద్ర ప్రాంతానిది. ఆ దీవులను మారిషస్‌కు అప్పగించే ఒప్పందం మీద 2025 మేలో సంతకాలయ్యాయి. దేశాల కోడ్ల జాబితాలోంచి ఒక కోడ్ తీసేస్తే ఆ ఎక్స్‌టెన్షన్‌ను కొన్నేళ్ల గడువిచ్చి మూసే విధానం ఐకాన్ దగ్గర ఉంది. రేపే పోతుందని కాదు. పెట్టుబడి పెట్టేవాడు ఆ రిస్కుకు తగ్గట్టు ధర తగ్గించుకోవాలి, అంతే.

మన దేశంలో కొనుగోలుదారుల్ని చూసుకుని కొనేటట్టయితే ఆ డబ్బు డాట్ ఇన్‌లో పెట్టడం మేలు. మన దేశ సంస్థ నిక్సీ నడుపుతుంది, రెన్యూవల్ చాలా చోట్ల వెయ్యికి అటూ ఇటూ, వ్యాపారులకు ముఖపరిచయం ఉన్న ఎక్స్‌టెన్షన్. గుంటూరులో పచ్చళ్లు అమ్మేవాడికి డాట్ ఇన్ అంటే వివరించక్కర్లేదు. తెలుగు లిపిలో డాట్ భారత్ కూడా నిక్సీదే. భాష మీద ప్రేమతో ఒకటి తీసుకుంటే సంతోషం, అమ్మకానికి మాత్రం వద్దు. తెలుగు చదివేవాళ్లు కూడా అడ్రస్ బార్‌లో ఇంగ్లిష్ అక్షరాలే కొడతారు, ఆ పేరుతో మెయిల్ నడపడం ఇంకా తలనొప్పే. ఇంకో జాగ్రత్త: బ్యాంక్ డాట్ ఇన్ పేర్లు చూసి ఆశపడకండి. రిజర్వు బ్యాంకు 2025లో బ్యాంకులన్నీ దానికి మారాలని చెప్పింది, వాటిని ఇచ్చేది హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ సాంకేతిక సంస్థ ఐడీఆర్‌బీటీ ఒక్కటే, అదీ బ్యాంకులకు మాత్రమే.

మీ 40 పేర్ల దగ్గరికి వస్తే, ముందు ట్రేడ్‌మార్క్ జల్లెడ పట్టండి. హీరోల పేర్లు, రాబోయే సినిమాల టైటిళ్లు, పార్టీల పేర్లు, ప్రభుత్వ పథకాల పేర్లు, నగల దుకాణాల బ్రాండ్లు ఏవైనా ఉంటే రెన్యూ చేయకండి, ముఖ్యంగా వాళ్లకే అమ్మడానికి మెయిల్ పెట్టకండి. బ్రాండ్ యజమానికి లాభానికి అమ్మాలనే ఉద్దేశంతో పేరు తీసుకున్నారని చూపించడానికి యూడీఆర్‌పీ (డొమైన్ పేర్ల వివాదాలు తేల్చే విధానం) కేసులో ఆ మెయిలే సాక్ష్యం అవుతుంది. ప్రపంచ మేధో సంపత్తి సంస్థ వైపోలో ఒక్క ప్యానలిస్టుతో (తీర్పరితో) కేసు వేయడానికి ఫిర్యాదుదారుకు ఫీజు 1,500 డాలర్లు. పెద్ద కంపెనీకి అది లెక్కలోది కాదు. మీకు పేరు పోతుంది, పరిహారం ఏమీ రాదు. కొత్త ఎక్స్‌టెన్షన్లకు యూఆర్‌ఎస్ అని ఇంకా చవకైన, త్వరగా తేలే దారి కూడా ఉంది. డాట్ ఇన్ వివాదాలకు ఉన్న విధానం ఐఎన్‌డీఆర్‌పీ.

మిగిలినవాటికి మూడు పరీక్షలు. డొమైన్ పేర్లు ఎంతకు అమ్ముడయ్యాయో నమోదు చేసే నేమ్‌బయో సైట్‌లో ఆ ఎక్స్‌టెన్షన్ పెట్టి గత పన్నెండు నెలల అమ్మకాలు చూడండి. పైన ఉన్న పెద్ద అంకెలు వదిలేసి మధ్యలో ఉన్నవి ఎంతో చూడండి. అక్కడికి ఎక్కేవి అమ్ముడైన పేర్లే, అమ్ముడవకుండా వదిలేసినవి ఏ పట్టికలోనూ కనిపించవని గుర్తుంచుకోండి. తర్వాత అదే పేరు డాట్ కామ్‌లో ఎవరిదో చూడండి. అక్కడ నడుస్తున్న వ్యాపారం ఉంటే మీ కొనుగోలుదారు వాళ్లతో గందరగోళం తెచ్చుకోడు. పార్కింగ్ పేజీ (సైట్ లేని అడ్రస్‌లో కనిపించే ప్రకటనల పేజీ) మీద తక్కువ ధరకు అమ్మకానికి ఉంటే మీ పేరుకు పైకప్పు అదే, అందులో పదో వంతు కూడా రాకపోవచ్చు. మూడోది, ఇది కొనగల సంస్థలు పది పేర్లు రాయండి. రాయలేకపోతే వదిలేయండి. రిజిస్ట్రార్లు చూపించే ఆటోమేటిక్ విలువ అంచనాలను ఈ ఎక్స్‌టెన్షన్లకు అసలు నమ్మొద్దు.

నిలబడిన నాలుగైదింటికి నేమ్‌సర్వర్లు (పేరు ఏ పేజీకి వెళ్లాలో చెప్పే సెట్టింగ్) అమ్మకం పేజీకి తిప్పి, "ఇప్పుడే కొనండి" ధర పెట్టండి. ఆఫ్టర్నిక్, సెడో అనే మార్కెట్‌ప్లేస్‌లు రెండింటిలోనూ ఒకే ధర ఉండాలి, తేడా ఉంటే తక్కువదానికే పోతుంది. అమ్ముడవగానే పేరు దానంతట అదే కొన్నవాడికి మారే ఫాస్ట్ ట్రాన్స్‌ఫర్ సదుపాయం కొన్ని కొత్త ఎక్స్‌టెన్షన్లకు ఉండదు, అప్పుడు ఎస్క్రోలో (మధ్యవర్తి ఖాతాలో) డబ్బు పడ్డాకే ఆథ్ కోడ్ (పేరు బదిలీకి కావాల్సిన రహస్య కోడ్) ఇవ్వాలి. కొన్న 60 రోజుల లోపు రిజిస్ట్రార్ మార్చడం కుదరదు. "మీ పేరుకు పదివేల డాలర్లు ఇస్తాం, కానీ ఫలానా సైట్ నుంచి వాల్యుయేషన్ సర్టిఫికెట్ తెండి" అనే మెయిల్ తప్పకుండా వస్తుంది. ఆ సర్టిఫికెట్ అమ్మేవాడూ మెయిల్ పెట్టినవాడూ ఒక్కడే.

వదిలేయాలనుకున్న మిగతా ముప్ఫై ఐదింటికి గడువుకు నెల ముందే ఆటో రెన్యూవల్ తీసేయండి. ఉంచుకునేవాటికి మాత్రం కార్డు మీద ఆధారపడకండి. 2021 అక్టోబర్ నుంచి ఆర్‌బీఐ ఈ-మాండేట్ (ఆటోమేటిక్ చెల్లింపుల) నిబంధనల వల్ల విదేశీ రిజిస్ట్రార్ల ఆటోపే మన కార్డుల మీద తరచూ ఫెయిలవుతుంది, కాబట్టి వాళ్ల వాలెట్‌లో ముందే డబ్బు వేసి పెట్టుకోండి. గడువు దాటాక కొన్ని రోజులు మామూలు ధరకు కట్టే వీలుంటుంది, అది ఎన్ని రోజులో రిజిస్ట్రార్‌ను బట్టి మారుతుంది. ఆపైన 30 రోజుల రిడెంప్షన్‌లోకి పోతే రెన్యూవల్ మీద అదనంగా వేలల్లో కట్టాలి. అది కూడా దాటితే ఐదు రోజుల్లో పేరు మళ్లీ మార్కెట్లోకి వస్తుంది. మీరు వదిలిన పేరును ఆ తర్వాత ఎవరైనా పట్టుకున్నారో లేదో ఒకసారి చూడండి. ముప్ఫై ఐదింటిలో ఒక్కటీ ఎవరూ తీసుకోలేదంటే, ఆ 60 ఎందుకు వద్దన్నానో మీ సొంత జాబితాయే చెబుతుంది.